మనీషా వెనక్కి తీసుకున్న రుజువు

మూడేళ్ల కిందట కొల్లాపూర్‌లో మా డిగ్రీ కాలేజీలో సైన్స్ దినోత్సవం జరిగింది. వేదిక మీద కూర్చున్నవాళ్లను ప్రిన్సిపాల్ గారు వరసగా పరిచయం చేస్తూ, "ఫిజిక్స్ విభాగం నుంచి డాక్టర్ మనీషా గారు" అన్నారు. పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. ఓ పక్క కుర్చీలో ఉన్న మనీషా లేచింది. నమస్కారం పెట్టి కూర్చుంటుందనుకున్నాం. మైకు కూడా లేకుండా, "నాకు డాక్టరేట్ లేదు సార్. ఎమ్మెస్సీ మాత్రమే" అని చెప్పి కూర్చుంది. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ గారు తర్వాతి పేరు చదివారు.

నేను ఆ కాలేజీలో తెలుగు చెబుతాను. నా పేరు గీత. మనీషా అప్పటికి గెస్ట్ లెక్చరర్‌గా చేరి ఆరు నెలలైంది. ముప్పై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి. ఎవరితోనూ తగవు లేదు, ఎవరితోనూ చనువు కూడా లేదు. ఆ సాయంత్రం ఆమెతో కలిసి బస్టాండ్ దాకా నడిచాను. నాకు కొంచెం కోపంగానే ఉంది.

"పెద్దాయన తెల్వక అన్నడు. తర్వాత పక్కకు పిలిచి చెప్పొచ్చు గదా. అందరి ముంగట ఎందుకు?"

"తర్వాత చెప్తే ఎవరికీ ఎక్కదు మేడం. ఒకసారి ఊకుంటే అదే పేరు నిలుస్తది."

"నిలిస్తే ఏమైతది?"

ఆమె వీపనగండ్ల మీదుగా పోయే బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియడానికి ఏడాది పైనే పట్టింది. పరీక్ష డ్యూటీల్లో కొంత, బస్టాండ్ బెంచీ మీద కొంత, అలా ముక్కలు ముక్కలుగా చెప్పింది. మరికొంత వాళ్లమ్మ ఎస్తేరమ్మ నోట విన్నాను. లెక్కలు నాకు రావు. నాకు అర్థమైనంత మేరకే రాస్తున్నాను.

మనీషాది వీపనగండ్ల. తండ్రి ఇస్రాయేలు, తల్లి ఎస్తేరమ్మ ఇద్దరూ మేస్త్రీల వెంట వలస వెళ్లి కాలువ పనులు చేసేవాళ్లు. ఏడాదిలో ఎనిమిది నెలలు కర్ణాటకలోనో మహారాష్ట్రలోనో ఉండేవాళ్లు. పిల్ల చిన్నప్పటి నుంచీ గురుకులంలోనే పెరిగింది. సెలవులకు ఊరికి వస్తే ఇంటికి తాళం ఉండేది. పాస్టరమ్మ ఇంట్లో నాలుగు రోజులుండి మళ్లీ బడికి వెళ్లిపోయేది. ఇందులో తనకేదో అన్యాయం జరిగినట్టు మనీషా ఎప్పుడూ చెప్పలేదు. "అందరి ఇండ్లూ గట్లనే ఉంటుండె" అంది, అంతే.

డిగ్రీ వనపర్తిలో చదివింది. అక్కడ బాలకృష్ణ అనే ఫిజిక్స్ లెక్చరర్ ఉండేవారు. ఒకరోజు ఆయన క్లాసులో రెండు కిటికీల ఊచలకు అడ్డంగా తాడు కట్టి, ఆ తాడు నుంచి జానెడు ఎడంలో రెండు రాళ్లు వేలాడదీశారు. ఒక రాయిని ఊపి వదిలారు. కాసేపటికి ఆ రాయి నెమ్మదించి, ఎవరూ ముట్టని రెండో రాయి ఊగడం మొదలుపెట్టింది. తర్వాత అది ఆగి మొదటిది ఊగింది. పిల్లలు నవ్వారు. ఆయన బోర్డు వైపు తిరిగి రెండు సమీకరణాలు రాసి, వాటిని విప్పుకుంటూ పోయి, ఊపు ఎన్ని సెకన్లకోసారి ఇటు నుంచి అటు మారుతుందో లెక్కగట్టి, "ఇప్పుడు గడియారం చూసి లెక్కపెట్టండి" అన్నారు. లెక్కపెట్టారు. బోర్డు మీద ఎంత వచ్చిందో దాదాపు అంతే వచ్చింది.

"నాకు ఆ దినం భయమైంది" అంది మనీషా. "రాయికి తెల్వదు, తాడుకు తెల్వదు. బోర్డు మీద రాసిన అక్షరాలకు ఎట్ల తెలిసింది?"

ఆ భయమే ఆమెను చదువులోకి లాక్కుపోయింది. డిగ్రీ మూడో ఏట, యాద్గిర్ దగ్గర కాలువ తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగిపడి ఇస్రాయేలు చనిపోయాడు. పెద్దల మాట ప్రకారం మనీషా చదువు ఆపాలి. ఎస్తేరమ్మ ఒప్పుకోలేదు. తాను వలస మానేసి ఊళ్లోనే మిరప చేలలో, పత్తి చేలలో కూలికి వెళ్తూ బిడ్డను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీకి పంపింది.

యూనివర్సిటీలో మొదటి సెమిస్టర్ మ్యాథమెటికల్ ఫిజిక్స్ పేపర్‌లో మనీషా తప్పింది. వనపర్తిలో మొదటి వరసలో కూర్చున్న పిల్ల అక్కడ వెనక బెంచీకి వెళ్లింది. క్లాసులో మిగతావాళ్లకు ముందే తెలిసిన మాటలు ఆమెకు కొత్త. రెండో సెమిస్టర్ మొత్తం లైబ్రరీ మూల బల్ల మీద ఒకే పుస్తకం పెట్టుకుని, ప్రతి లెక్కనూ మొదటి గీత నుంచి చేసింది. ఒక అడుగు అర్థం కాకపోతే రెండో అడుగు వేసేది కాదు. నెమ్మది అని అందరూ అనుకున్నారు. ఆ పేపర్ చెప్పిన ప్రొఫెసర్ జగదీశ్ మాత్రం ఆమె రెండోసారి రాసిన జవాబు పత్రం చూసి గదికి పిలిపించారు.

"ఏ ఊరమ్మా మీది?"

"వీపనగండ్ల సార్."

"మాది గద్వాల దిక్కు, గట్టు" అన్నారాయన. అప్పటిదాకా క్లాసులో ఆయన నోట ఇంగ్లీషే విన్న మనీషా తల ఎత్తి చూసింది. "మా నాయిన ఆముదాలు పండిస్తుండె. నువ్వు నాతోని పీహెచ్‌డీ చేస్తవా?"

ఆయన అప్పగించిన సమస్య గురించి మనీషా నాకు ఇలా చెప్పింది. చిన్న చిన్న అయస్కాంతాలను వరసగా పేర్చిన గొలుసు అనుకో. కదలకుండా పడుకున్న ఆ గొలుసును కొంచెం కదిలించాలంటే కనీసం ఇంత శక్తి కావాలి అని ఒకటుంటుంది. గొలుసు పొడుగు పెంచుకుంటూ పోతే, ఆ కనీసపు శక్తి తగ్గి తగ్గి సున్నాకు చేరుతుందా, లేక ఒకచోట ఆగుతుందా? అన్ని అయస్కాంతాలూ ఒకేలా ఉండే గొలుసులకు జవాబు ఎప్పుడో తేలింది. జోడు జోడుకూ పట్టు మారిపోయే గొలుసుల్లో ఒక రకానికి మాత్రం ఎవరికీ తెలియదు. ఆగుతుందని రుజువు చేయాలి. కంప్యూటర్‌లో ఎంత పొడుగు గొలుసును లెక్కించినా లాభం లేదు. ఎంత పొడుగైనా సరే అన్నచోట రుజువే కావాలి.

మూడేళ్లు పట్టింది. రెండు వేల పంతొమ్మిది ఎండాకాలంలో రుజువు పూర్తయింది. ఐదు మెట్ల రుజువు. జగదీశ్ సార్ కాగితాలు ఇంటికి తీసుకెళ్లి నాలుగు రోజులు చదివారు. ఐదోరోజు తన కుర్చీలోంచి లేచి వచ్చి, ఆమె ఎదుట మామూలు కుర్చీలో కూర్చుని, "నా ముప్పై ఏండ్ల సర్వీసుల ఇసుమంటిది రాలే" అన్నారు. ఇద్దరి పేర్లతో విదేశీ పత్రికకు పంపారు. వాళ్లు ఇద్దరు నిపుణులతో చదివించి అచ్చువేశారు. బెంగళూరులో జరిగిన సదస్సులో మనీషా దాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడింది. వెనక వరసలోంచి ఒక పెద్దాయన వచ్చి మనీషా పేరు అడిగి రాసుకున్నాడని చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆమె గొంతు మారుతుంది.

మరుసటి ఏడాది మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు మూసేశారు. మనీషా పుస్తకాలతో వీపనగండ్ల చేరింది. థీసిస్ రాయడమే మిగిలింది. మూడు అధ్యాయాలు ఆ రుజువు మీదే నిలబడి ఉన్నాయి. పొద్దున్నే రేకుల పందిరి కింద చాప వేసుకుని రాసేది. పత్రికలో అచ్చయిన వ్యాసంలో నాలుగో మెట్టు దగ్గర, "ఇది తేలికగా తేలుతుంది" అని ఒక్క వాక్యం ఉంది. థీసిస్‌లో అలా వదలకూడదని, ఆ తేలికైనదాన్ని విడమరిచి రాయడానికి కూర్చుంది.

తేలలేదు. ఆ మెట్టులో ఒక సంఖ్య ఉంది. గొలుసు ఎంత పొడుగైనా ఆ సంఖ్య మారదని ఇద్దరూ అనుకున్నారు. విడమరిచి రాస్తుంటే గొలుసు పొడుగు ఆ సంఖ్యలోకి వచ్చి చేరింది. పొడుగు పెరిగితే ఆ సంఖ్య తగ్గుతోంది. తాను రాయడంలోనే ఎక్కడో జారానని మళ్లీ రాసింది. మళ్లీ అదే వచ్చింది. ల్యాప్‌టాప్‌లో చిన్న గొలుసులు తీసుకుని చూసింది. ఎనిమిది అయస్కాంతాలకు ఒక విలువ వచ్చింది, పన్నెండుకు దానికన్నా తక్కువ, పదహారుకు ఇంకా తక్కువ.

నాలుగోరోజు ఎస్తేరమ్మ జొన్నరొట్టె పెట్టి చూస్తే మనీషా ముట్టకుండా కూర్చుని ఉంది.

"తినవేందే? సల్లగైతుంది."

"లెక్కల తప్పొచ్చిందమ్మా."

"తప్పొస్తే కొట్టేసి మల్ల చెయ్యి. దానికింత పరేషానెందుకు?"

"మల్ల చేసిన. నాలుగు దినాల సంది అదే చేస్తున్న. తప్పు పోతలేదు."

ఎస్తేరమ్మ చాటలో పల్లికాయలు ఒలుస్తోంది. చేయి ఆగింది. "సారు జూసిండా?"

"జూడలే."

"అచ్చేసినోళ్లు?"

"వాళ్లు గుడ జూడలే."

"మరి నీకొక్కదానికే కనవడ్డదా?"

"నాకొక్కదానికే."

ఎస్తేరమ్మ చాట పక్కకు పెట్టింది. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా గొంతు తగ్గించి, "అయితే ఎవరికీ చెప్పకు బిడ్డా" అంది.

మనీషా తల్లి వైపు చూసింది.

"గట్ల జూడకు. నీ పేరు మీద సంఘంల ప్రతి ఆదివారం ప్రార్థన చేస్తున్రు. ఇంక ఆర్నెల్లే అని నేను అందరికి చెప్పిన. మీ నాయిన పోయిననాడు ఈ చదువొక్కటే కండ్ల ముంగట పెట్టుకొని నిలవడ్డ. ఎవరికీ కనవడని తప్పు నువ్వెందుకు చూపెట్టాలె?"

"అది తప్పమ్మా. తప్పును రుజువని ఎట్లియ్యాలె?"

"నాకేం తెల్వదు. నువ్వు చెప్పకు, గంతే."

ఆ రోజు నుంచి తల్లీకూతుళ్ల మధ్య ఏదో తెగింది. ఎస్తేరమ్మ రోజూ పొద్దున, "చెప్పలే గదా?" అని అడిగేది. మనీషా "లేదు" అనేది. నిజంగానే చెప్పలేదు. ఆర్నెల్లు చెప్పలేదు. ఆ ఆర్నెల్లూ తప్పును పూడ్చడానికి ప్రయత్నించింది. సంఖ్యను మార్చి చూసింది, మెట్టునే తప్పించి వేరే దారిన ఎక్కాలని చూసింది. సార్ ఫోన్ చేసి "ఎంతదాంక వచ్చింది?" అంటే, "నాలుగో చాప్టర్ల ఉన్న సార్" అనేది. అది అబద్ధం కాదు. కానీ ఫోన్ పెట్టేశాక తన మీద తనకే ఏవగింపు వేసేదని చెప్పింది.

అక్టోబర్‌లో హైదరాబాద్ వెళ్లి కాగితాలు ఆయన బల్ల మీద పెట్టింది. జగదీశ్ సార్ అక్కడికక్కడే చదివారు. గంట పట్టింది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "ఇది నేను జూడాల్సింది" అన్నారు. మొట్టమొదట ఆయన అన్న మాట అదేనని, ఎవరికి చెప్పినా ఆ మాట వదలకుండా చెప్పాలని మనీషా నాతో గట్టిగా అంది. అందుకే రాస్తున్నాను.

తర్వాత ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు.

"ఇప్పుడు ఏం జేద్దామంటవ్?"

"పత్రికోళ్లకు రాద్దాం సార్, వెనక్కి తీసుకుంటున్నమని."

"థీసిస్?"

"మల్ల చేస్త."

"ఎప్పటిలోగ? నేను ఏప్రిల్ల రిటైరైత. ఈ డిపార్ట్‌మెంట్ల ఈ పని తెలిసినోళ్లు ఇంకెవరున్నరు నీకు?" ఆయన గొంతు నెమ్మదించింది. "జర ఆలోచించు మనీషా. ముందుగాల థీసిస్ ఇద్దాం. డిగ్రీ వచ్చినంక తప్పు దిద్దుకుంట ఇంకో పేపర్ రాద్దాం. అప్పుడు నీకు ఉద్యోగముంటది, టైముంటది. దొంగతనం చేద్దామంటలేను. వరస మారుద్దామంటున్న."

"వైవాల నిలబడి ఇది నిజమని ఎట్ల చెప్పాలె సార్?"

"ఆ మెట్టు మీద ఎవరూ అడగరు."

"అడగకున్నా చెప్పేది నేనే గద సార్."

వెనక్కి తీసుకోవాలంటే రాసిన ఇద్దరి సంతకాలూ కావాలి. మనీషా ఉత్తరం టైపు చేయించి తన సంతకం పెట్టి ఇచ్చింది. ఆయన దాన్ని సొరుగులో పెట్టుకున్నారు. మొదటి వారం అడిగితే "చూస్తున్న" అన్నారు. రెండో వారం ఆమె అడగలేదు, వెళ్లి ఎదుట కూర్చుని వచ్చింది. మూడో వారం వెళ్తే గదికి తాళం ఉంది. అటెండర్ ఒక కవరు ఇచ్చాడు. ఉత్తరం మీద సంతకం ఉంది. దానితో పాటు ఒక్క మాట కూడా లేదు.

పత్రిక వెబ్‌సైట్‌లో ఆ వ్యాసం ప్రతి పేజీ మీదా అడ్డంగా ఎర్రటి అక్షరాలు పడ్డాయి, ఉపసంహరించబడింది అని. ఏప్రిల్‌లో సార్ రిటైరయ్యారు. సన్మానం నాడు మనీషా వెళ్లి వెనక నిలబడింది. పరిశోధనల గురించి మాట్లాడినవాళ్లెవరూ ఆ గొలుసు ఊసెత్తలేదు. కాగితం మీద ఆమెకు ఇంకో గైడ్‌ను చూపించారు. ఆయనకు ఈ గణితంతో పరిచయం లేదు, ఆ మాట ఆయనే చెప్పాడు. ఫెలోషిప్ ఆగింది. ఏడాది పొడిగింపు ఇచ్చారు, అదీ అయిపోయింది. రెండు వేల ఇరవై రెండు జూన్‌లో రిజిస్ట్రేషన్ రద్దయిందని ఉత్తరం వచ్చింది.

ఆ వేసవిలోనే ఒక కాలేజీలో ఇంటర్వ్యూకు వెళ్లింది. బోర్డులో ఒకాయన కంప్యూటర్‌లో ఆమె పేరు కొట్టి చూసి, "మీ పేపర్ వెనక్కి పోయిందట గదమ్మా. యాడి నుంచి కాపీ కొట్టిన్రు?" అని అడిగాడు.

"కాపీ కాదు సార్. తప్పుంటే మేమే చెప్పి వెనక్కి తీసుకున్నం."

ఆయన పక్కనున్నాయన వైపు చూసి నవ్వాడు. తనంతట తాను తప్పు చెప్పుకుని కాగితం వెనక్కి తీసుకునే మనిషి ఉంటుందని వాళ్లకు తోచలేదు. మనీషా ఆ తర్వాత అలాంటి ఇంటర్వ్యూలకు వెళ్లడం మానేసి, ఆగస్టులో మా కాలేజీలో గెస్ట్‌గా చేరింది.

ఇక్కడ ఆమె పాఠం ఎలా చెప్పేదో నేను వరండాలోంచి చాలాసార్లు విన్నాను. తొందర ఉండేది కాదు. ఒక పిల్ల "అర్థం కాలే మేడం" అంటే మొత్తం తుడిచేసి మొదటి నుంచి రాసేది. సిలబస్ ఏ ఏడాదీ పూర్తి కాలేదు. దాని మీద ఫిర్యాదులు కూడా వచ్చాయి.

ఆమె చేరిన మొదటి ఏడాది మార్చిలో ఇద్దరికీ ఒకే హాల్లో పరీక్ష డ్యూటీ పడింది. మధ్యాహ్నం ఎండ. మనీషా హాజరు పట్టీ వెనక పెన్సిల్‌తో ఏవో చుక్కలు, గీతలు వేస్తోంది. పేపర్లు తీసుకుని కట్టలు కట్టాక, స్టాఫ్‌రూమ్‌కు నడుస్తూ, "అక్కా" అంది. నన్ను మేడం అనకుండా పిలవడం అదే మొదలు.

"ఏంది?"

"అది రుజువు కాకపోవుడు గాదు అక్కా. అది అబద్ధమే."

నాకు అర్థం కాలేదు. వరండాలో నిలబడి చెప్పింది. ఇన్నాళ్లూ విరిగిన మెట్టును అతకాలనే చూసిందట. ఈ మధ్య ఎదురు తిరిగి, అసలు ఆ సిద్ధాంతాన్నే పడగొట్టగలనా అని చూసింది. గట్టి జోడులను, బలహీనమైన జోడులను ఒక ప్రత్యేకమైన వరసలో పేర్చుకుంటూ పోతే ఆ కనీసపు శక్తి ఎక్కడా ఆగదు, సున్నాకే పోతుంది. అంటే తానూ సారూ మూడేళ్లు రుజువు చేసిన విషయం లోకంలో లేనే లేదు. అతకడానికి పెట్టిన రెండున్నరేళ్లూ లేనిదాన్ని అతకడానికే పోయాయి. చెబుతుంటే ఆమె ముఖంలో వెలుగుందో ఏడుపుందో నేను పోల్చుకోలేకపోయాను. "మంచిదే గదా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మంచిదే" అంది.

నాలుగు పేజీల వ్యాసం రాసింది. ఆమె పేరు, కింద మా కాలేజీ పేరు. తొమ్మిది నెలల తర్వాత ఒక పత్రిక అచ్చువేసుకుంది. మా స్టాఫ్‌రూమ్‌లో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫలానా అని తెలిస్తే కదా మాట్లాడడానికి. నేనే ఒక ప్రింటు తీయించి ఇచ్చాను. అది పట్టుకుని, "గట్టుకు పోయొస్త అక్కా. సారుకు ఇయ్యాలె" అంది. నేనూ వస్తానన్నాను.

ఒక శనివారం పొద్దున బయల్దేరాం. పెబ్బేరులో మారి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాల చేరేసరికి పది దాటింది. అక్కడి నుంచి గట్టు బస్సు. దారి పొడుగునా ఎర్రనేల, వాన పడక ముడుచుకున్న కంది చేలు. సార్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రిటైరయ్యాక ఆయన ఊరికే వచ్చేశారు. తలుపు తీసింది ఆయన తల్లి భీమమ్మ. ఎనభై దాటిన మనిషి. "జగ్గా, నీకోసం ఎవరో వచ్చిన్రు" అని కేకేసింది.

జగదీశ్ సార్ లుంగీ మీద ఉన్నారు. మనీషాను చూసి ఒక్క క్షణం గడపలోనే ఆగారు. తర్వాత కుర్చీలు వేశారు. నా గురించి అడిగారు. వానల గురించి, చేను గురించి చెప్పారు. మనీషా కాగితాలు ఇచ్చింది. ఆయన అద్దాలు పెట్టుకుని, లోపలి నుంచి పెన్సిల్ తెచ్చుకుని చదవడం మొదలుపెట్టారు. మూడో పేజీలో ఒకచోట ఆగి, అంచున ఏదో లెక్క వేసుకుని, తల ఊపి ముందుకెళ్లారు. భీమమ్మ చాయ్ తెచ్చిపెట్టింది. ఆయన గ్లాసు చల్లారిపోయింది.

"కరెక్టే" అన్నారు చివరికి. "మంచిగ రాసినవ్. రెండో పేజీల నువ్వు చేసిన పని నాకు తోచకపోయేది."

ఆయన మొదటి పేజీకి తిప్పి, పేరున్నచోట వేలు పెట్టారు.

"నా పేరు పెట్టలే. మంచి పని చేసినవ్."

"పెడదామని మీకు ఫోన్ చేసిన సార్. నాలుగుసార్లు చేసిన. ఎత్తలే."

"ఎత్తబుద్ధి కాలే" అన్నారాయన. కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. "నీ పేరు ఫోన్‌ల కనవడితే ఆ తలుపేసుకున్న దినమే యాదికొస్తది. నేను నిన్ను ఏమడిగిన్నో అది యాదికొస్తది. మాట్లాడాలంటే నాకు శాతగాదు మనీషా."

"నేను దాన్ని మనసుల పెట్టుకోలే సార్."

"నువ్వు పెట్టుకోలే. నేను పెట్టుకున్న."

అంతే. మేం లేచి నిలబడితే ఆయన లేవలేదు. భీమమ్మే వీధి మలుపు దాకా వచ్చి, "మల్ల రాండ్రి బిడ్డా, వాడు ఎవరితోని మాట్లాడతలేడు ఈ మధ్య" అంది. బస్సు కోసం గంటన్నర నిలబడ్డాం. మనీషా నీళ్ల సీసా తెరిచి ముఖం కడుక్కుంది. రెండుసార్లు కడుక్కుంది. ఆ నీళ్ల మాటున ఏముందో నేను చూడదలచుకోలేదు.

పోయిన ఏడాది మా కాలేజీలో ఆ పోస్టులోకి రెగ్యులర్ లెక్చరర్ వచ్చాడు. డాక్టరేట్ ఉన్నవాడు, మంచివాడే. గెస్ట్‌గా ఉన్న మనీషా మానుకోవలసి వచ్చింది. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ప్రవేశ పరీక్షల పిల్లలకు ఫిజిక్స్ చెబుతోంది. అక్కడ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడం నేర్పితే చాలు. సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పబోతే, అంత టైమ్ లేదని రెండుసార్లు పిలిచి చెప్పారట. ఇప్పుడు చెప్పడం లేదు. "మల్ల ఏదన్న మొదలుపెట్టరాదు?" అని ఫోన్‌లో అడిగాను. "ఎవరితోని మాట్లాడాలె అక్కా దాని గురించి?" అంది. విసుగు లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. నాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు చెప్పడానికి.

మొన్న వీపనగండ్ల మీదుగా వెళ్తూ ఎస్తేరమ్మను చూద్దామని దిగాను. ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసి, వాటి మధ్య కూర్చుని తొడిమెలు తీస్తోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. బిడ్డ పది దినాలకోసారి వస్తుందని, వచ్చినా మాటలు తక్కువని చెప్పింది. పాస్టర్ గారు ఇంకా అప్పుడప్పుడు "డాక్టరమ్మ ఎట్లున్నది?" అని అడుగుతారట. ఆమె ఔననదు, కాదనదు.

నేను బయల్దేరబోతుంటే చెయ్యి పట్టుకుంది. మిరప ఘాటుకు నా చెయ్యి చురుక్కుమంది.

"మేడం, నువ్వు సదువుకున్నదానివి. నాకు ఒక్కటి నిజం చెప్పు. నా బిడ్డ తప్పు చేసిందా?"

"లేదమ్మా. తప్పు దొరకబట్టింది. అందరూ చదివినా ఎవరికీ దొరకనిదాన్ని మనీషా దొరకబట్టింది."

నేను ఆ మాట గర్వంగానే అన్నాను. ఆమె ముఖంలో గర్వం రాలేదు. నా చెయ్యి వదిలి, మళ్లీ మిరపకాయల దగ్గర కూర్చుంది.

"దొరకబట్టకుంటే బాగుండు" అంది.

బస్సు వస్తోందని ఎవరో అరిచారు. నేను రోడ్డు మీదికి వచ్చాను.